అన్నీ ఒకటే అయితే నానమ్మ ఎందుకు ఏడ్చింది?

మా పిన్ని కూతురికి భువనేశ్వర్‌లో కొత్తగా ఉద్యోగం వచ్చింది. మరో ముగ్గురు అమ్మాయిలతో కలిసి ఇల్లు అద్దెకు తీసుకుంటోంది. పోయిన ఆదివారం ఫోన్ చేసి, ఇంట్లో పాటించాల్సిన నియమాలు రాసుకున్నామని ఒక్కొక్కటే చదివి వినిపించింది. గ్యాస్ బండ డబ్బులు ఎవరి వంతు ఎప్పుడు, స్నానాల గది ఎవరు కడగాలి, రాత్రి గేటుకు తాళం ఎన్నింటికి వేయాలి. అన్నీ సబబుగానే ఉన్నాయి. ఆరో నియమం దగ్గర నేను ఆపాను. "ఇంట్లో ఎవరూ మతం గురించి మాట్లాడకూడదు."

"అది కొట్టేయండి" అన్నాను.

"అదేమిటక్కా! గొడవలు రాకూడదంటే అదే కదా ముఖ్యం? ఒక అమ్మాయి ముస్లిం. ఇంకో అమ్మాయి రోజూ గంటసేపు పూజ చేస్తుందట. ఎందుకొచ్చిన తంటా?"

అప్పటికి తను బస్సు ఎక్కే హడావిడిలో ఉంది. నేనూ సరిగ్గా చెప్పలేకపోయాను. చెప్పాల్సింది చాలా ఉంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. రాయగడలో నేనుంటున్న ఇంట్లో ఈ మూడేళ్ళలో నాకు ఒకటి దొరికింది. చిన్నప్పటి నుంచి విన్న మాటల్లో దానికి దగ్గరగా వచ్చేది సత్సంగం. ఆ ఆరో నియమం మా ఇంట్లో ఉండి ఉంటే అది దొరికేది కాదు. అలాంటి నియమాన్ని ఎవరూ కాగితం మీద పెట్టకపోయినా, మొదటి నెలలన్నీ మేమూ దాన్నే పాటించాం. అది తప్పిన రోజు నుంచే అసలు సంగతి మొదలైంది.

మాది రైల్వే స్టేషను నుంచి పావుగంట నడకలో ఒక మేడ మీది వాటా. మూడు గదులు, హాలు, వంటిల్లు, వెనక బట్టలారేసుకునే వసారా. నాది పర్లాకిమిడి. ఇక్కడ మందుల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాస్తాను. నాతో గది పంచుకునే అమ్మాయి గుణుపురం పైనున్న కొండల్లో ఒక సవర పల్లె నుంచి వచ్చిన నర్సు. బాప్టిస్టు క్రైస్తవురాలు. నాకంటే ఆరేళ్ళు చిన్నది, చెల్లీ అని పిలుస్తాను. వీధివైపు గదిలో బ్యాంకులో పనిచేసే ఒకావిడ ఉంటారు. సోన్‌పూర్ జిల్లా మనిషి, యాభైకి దగ్గర పడుతున్నారు. అందరం ఒడియాలో అపా అంటాం, అక్కా అన్నట్టు. ఆవిడది మహిమ ధర్మం, విగ్రహాలు లేకుండా రూపం లేని ఒక్క దేవుణ్ణే కొలిచే ఒడిశా మతం. మూడో గదిలో పార్వతీపురం నుంచి వచ్చిన ఫిజిక్స్ లెక్చరరు. దేవుడు లేడని పదో తరగతిలోనే తేల్చుకున్న మనిషి.

అపా సూర్యాస్తమయం తరువాత అన్నం ముట్టరు. చలికాలంలో రాయగడలో ఐదున్నర లోపే పొద్దు గుంకుతుంది. బ్యాంకు వదిలేసరికి ఆరు దాటుతుంది. అందుకని ఆవిడ పొద్దున్నే రెండు డబ్బాలు కట్టుకుని వెళ్తారు. రెండోది నాలుగున్నరకు, కౌంటరు మూసిన చీటీల కట్టల పక్కన నిలబడి తినేస్తారు. రాత్రి ఎనిమిదిన్నరకు మేం ముగ్గురం కంచాల ముందు కూర్చుంటే, ఆవిడ మా పక్కనే పీట వేసుకుని మరుసటి రోజుకు తోటకూర గిల్లుతూ ఉంటారు. ఆవిడ ఎదుట తినడానికి నాకు మొహమాటంగా ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, "ఆకలి వేయదా అపా?" అని.

"ఎందుకు వేయదు? నీ పప్పు పోపు వాసనకు ఇంకా వేస్తుంది." కాడ ఈనె తీస్తూ చెప్పారు. "బ్యాంకులో అందరూ నాకు గ్యాస్ జబ్బు అనుకుంటారు. ఎనిమిదేళ్ళు అయింది. ఎందుకు తినవు అని ఒక్కరూ అడగలేదు. నువ్వే మొదట అడిగావు."

ఎనిమిదేళ్ళు ఒక మనిషి పక్క కుర్చీలో కూర్చుని, ఆ మనిషి జీవితానికి ఇరుసులాంటి విషయాన్ని గ్యాస్ జబ్బు అనుకోవడం! అది చెడ్డతనం వల్ల జరగలేదు. మర్యాద వల్ల జరిగింది. అడిగితే ఏమనుకుంటారో అన్న మర్యాద. ఆ రాత్రి అపా చెప్పింది మేం ముగ్గురం చెయ్యి ఎండిపోయేదాకా విన్నాం. రూపం లేని అలేఖుడి గురించి, ఖలియాపాలిలో మహిమ ధర్మ కవి భీమ భోయి ఆశ్రమం గురించి, మాఘ పౌర్ణమికి ధెంకనాల్ జిల్లా జొరండాలో జరిగే మేళా గురించి. ఆ రోజుల్లో ఆవిడ సెలవు పెడితే చుట్టాలింట్లో పెళ్ళేమో అనుకున్నాం.

సభ నుంచి తిరిగి వస్తూ

రెండేళ్ళ క్రితం గాంధీ జయంతి నాడు ఊళ్ళో ఒక సర్వధర్మ ప్రార్థన సభకు నలుగురం వెళ్ళాం. వేదిక మీద ఒక్కొక్కరు ఒక్కో గ్రంథం నుంచి చదివారు. చివర మాట్లాడిన పెద్దాయన, నదులన్నీ సముద్రంలో కలిసినట్టు అన్ని మతాలూ ఒక్కచోటికే చేరతాయని చెప్పారు. చప్పట్లు కొట్టాం. నేను మనస్ఫూర్తిగానే కొట్టాను. మా తాతగారి నోట రోజూ విన్న మాటే అది.

నడుచుకుంటూ తిరిగి వస్తున్నప్పుడు చెల్లి చాలాసేపు మాట్లాడలేదు. మా వీధి మలుపు దగ్గర ఆగి, "అక్కా, అన్నీ ఒకటే అయితే మా నానమ్మ ఎందుకు ఏడ్చింది?" అంది.

వాళ్ళ నాన్న బాప్తిస్మం తీసుకున్న రోజు సంగతి అది. చెల్లి అప్పటికి పసిపిల్ల, తరువాత అమ్మ చెబితే విన్నది. పాత సవర పద్ధతిలో చనిపోయినవాళ్ళు వెంటనే వెళ్ళిపోరు. కురన్ అనే ఆమె కాళ్ళు బారజాపి కూర్చుని పూనకంలోకి వెళ్తే, ఆమె నోటితో వాళ్ళు మాట్లాడతారు. ఇంటివాళ్ళు చుట్టూ చేరి వాళ్ళతో వాదిస్తారు, ఏడుస్తారు, నిలదీస్తారు, బతిమాలుకుంటారు. నాకెందుకు మందు ఇప్పించలేదని పోయినవాడు అడుగుతాడు. నువ్వే కదా వద్దన్నావని బతికున్నవాళ్ళు అంటారు. ఇలా ఏళ్ళ తరబడి సాగుతుంది. పోయినవాళ్ళ కోపం మెల్లగా చల్లారి, ఇంటిని కాచే పెద్దలవుతారు. ఆ పైన ఎప్పుడో వాళ్ళకు రెండో చావు వచ్చి సీతాకోకచిలుక అవుతారట. కెనడా బాప్టిస్టు మిషనరీలు వచ్చాక ఆ కొండల్లో ఎన్నో ఊళ్ళు చర్చిలోకి వెళ్ళాయి. చర్చిలో చేరినవాళ్ళు ఈ మాటలు మానేయాలి. కొడుకు బాప్తిస్మం తీసుకున్న రాత్రి ఆ ముసలామె తెల్లవార్లూ అన్నది ఒక్కటే మాటట: "నేను చచ్చిపోయాక నాతో ఎవరు మాట్లాడతారు?"

వీధి మలుపులో కరెంటు స్తంభం కింద నిలబడి నేను ఏమీ అనలేకపోయాను. అన్నీ ఒకటే అన్న మాటలో ఆ ముసలామె ఏడుపుకు చోటు లేదు. ఆమె పోగొట్టుకున్నది నిజంగా ఉంది, దాని బదులు మరొకటి రాలేదు. చెల్లికి యేసు మీద నిండు నమ్మకం ఉంది, తండ్రి చేసింది సరైనదే అనుకుంటుంది. అయినా నానమ్మతో మాట్లాడాలని ఉంటుంది. ఈ రెండూ తనలో ఉన్నాయని తను అప్పటిదాకా ఎవరితోనూ చెప్పలేదు.

ఆ రాత్రి నుంచి ఆ మాట నా నోట రావడం మానేసింది. దాన్ని మంచి మనసుతోనే అంటాం, ఒప్పుకుంటాను. కానీ అన్నవాడికి ఇక ఎదుటివాళ్ళ సంగతి తెలుసుకోవలసిన పని ఉండదు. ఆ ఇంటికీ ఈ ఇంటికీ తలుపు ఒకటేనని చెప్పి, రెండిట్లోకీ అడుగు పెట్టకుండా వెళ్ళిపోవచ్చు. రామకృష్ణ పరమహంస కూడా ఆ మాటే అన్నారు కదా అంటారు. నిజమే. అయితే ఆయన ఇస్లాం సాధనా, క్రైస్తవ సాధనా తన ఒంటి మీద చేసి చూసిన తరువాత అన్నారు. మనం ఏమీ చేయకుండా, ఏమీ అడగకుండా ఆ ఫలితాన్ని మాత్రం అరువు తెచ్చుకుంటున్నాం.

పైగా ఆ మాట అనడం ఎవరికి తేలిక? ఏమీ వదులుకోవలసిన అవసరం లేనివాళ్ళకు. మా ఇంటి మేడ మీద నుంచి వర్షం కడిగిన రోజుల్లో దూరంగా కొండల వరసలు కనిపిస్తాయి. ఈ జిల్లాలోనే నియమగిరి ఉంది. బాక్సైట్ గని తవ్వకం కేసులో 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఆ గని అక్కడివాళ్ళ పూజా హక్కులకు అడ్డం వస్తుందో లేదో గ్రామసభలే తేల్చాలంది. జూలై, ఆగస్టుల్లో పన్నెండు పల్లెల్లో సభలు జరిగాయి. రాయగడ వైపు ఏడు, కలహండి వైపు ఐదు. జిల్లా జడ్జి సమక్షంలో డోంగ్రియా కోందు ఆదివాసులు, వాళ్ళ పొరుగువాళ్ళు లేచి నిలబడి, ఈ కొండ మా నియమ రాజుది అని చెప్పారు. పన్నెండు పల్లెలూ వద్దన్నాయి. దేవుడు ఎక్కడైనా ఒకటే, ఈ కొండ కాకపోతే ఇంకో కొండకు మొక్కుకోండి అని ఎవరైనా అంటే వాళ్ళేమనేవారో నాకు తెలుసు. తేడా ఉంది కాబట్టే ఆ కొండ ఉంది. తమ నమ్మకాన్ని పదిమంది ముందు విడమరచి చెప్పడం వల్ల ఆ పల్లెల పరువు పోలేదు, పెరిగింది.

గూట్లో జగన్నాథుడు

ఇలా రాస్తుంటే మా ఇంట్లో మాటలన్నీ హాయిగా సాగిపోయాయని అనిపించవచ్చు. లేదు. నేనే మూడు వారాలు అలిగాను.

హాలులో గోడకున్న గూట్లో నా జగన్నాథుడు, బలభద్ర సుభద్రలతో ఉంటాడు. రోజూ సాయంత్రం దీపం పెడతాను. ఒక రాత్రి లెక్చరరు అపాను అడిగింది, "మీకు విగ్రహాలు లేవు కదా, ఈ గూడు చూస్తే మీకేమనిపిస్తుంది?" అని. నేనైతే ఆ ప్రశ్న ఎన్నడూ అడిగేదాన్ని కాదు. అపా తోటకూర పక్కన పెట్టి చాలా నెమ్మదిగా 1881 నాటి సంగతి చెప్పారు. ఆ ఏడాది సంబల్‌పూర్ వైపు నుంచి కాలినడకన బయలుదేరిన మహిమ అనుయాయులు కొందరు పూరీ గుడిలోకి చొరబడ్డారు. విగ్రహాలను బయటికి తెచ్చి కాల్చాలన్నది వాళ్ళ ఉద్దేశం. జరిగిన తోపులాటలో వాళ్ళలో ఒకడు చనిపోయాడు. "వాళ్ళు చేసింది మంచిదని నేననను. కానీ కొయ్యలో దేవుడు లేడన్న మాట దగ్గర నేను వాళ్ళతోనే ఉన్నాను" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను రథయాత్ర తాడు పట్టుకుని పెరిగినదాన్ని. ఆ మర్నాడే గూడు ఖాళీ చేసి జగన్నాథుణ్ణి నా గదిలో బీరువా మీద పెట్టుకున్నాను. ఎవరితోనూ గొడవ పడలేదు, మాటలు మాత్రం తగ్గించాను. మూడు వారాల తరువాత అపా నా గది గుమ్మంలో నిలబడ్డారు.

"నేను తీసేయమన్నానా?"

"లేదు అపా. మీకు ఇబ్బంది ఎందుకని..."

"నా ఇబ్బంది కోసం తియ్యలేదు నువ్వు. నేనన్న మాట మళ్ళీ వినకూడదని తీశావు. నేను ఆయనకు మొక్కను. నువ్వు మొక్కుతుంటే చూస్తాను. రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాను కదా!"

నాకు జవాబు తోచలేదు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. రెండేళ్ళూ ఆవిడ ఆ గూటి ముందే కూర్చుని నా పూజ అయ్యేదాకా టీవీ పెట్టకుండా ఆగేవారు. నమ్మకం లేకుండానే ఆవిడ నా పూజకు ఇచ్చిన చోటు అది. నేను మాత్రం ఆవిడ నమ్మకం నా చెవిన పడగానే తట్టుకోలేకపోయాను. విగ్రహం మళ్ళీ గూట్లోకి వచ్చింది. అపా మొక్కలేదు, నేను అడగలేదు. కొయ్యలో దేవుడు ఎందుకుంటాడని నేననుకుంటున్నానో మొదటిసారి ఆవిడకు వివరించాల్సి వచ్చింది. దారువు కోసం వేపచెట్టు వెతకడం, నవకళేబరం, పాత దేహం నుంచి కొత్త దేహానికి బ్రహ్మపదార్థం మారడం. పన్నెండేళ్ళకో పందొమ్మిదేళ్ళకో దేవుడే పాత ఒంటిని వదిలి కొత్త ఒళ్ళు తొడుక్కుంటాడని చెబుతూ చెబుతూ ఉండగా, ఈ దేవుడికి కూడా చావు ఉందన్నది నాకే కొత్తగా తట్టింది. నా మతం గురించి నాకు అంత స్పష్టంగా ఏ గుళ్ళోనూ తెలియలేదు. ఒప్పుకోని మనిషికి చెప్పాల్సి రావడం వల్ల తెలిసింది.

మనవాళ్ళతో చెప్పలేనివి

మా నాన్న ఒక మార్గశిరంలో పోయారు. నేను ఒక్కతే కూతుర్ని. పెదనాన్న కొడుకు కర్మ చేశాడు. పది రోజులు ఇంట్లో గరుడ పురాణం చదివించారు. వైతరణి, యమదూతలు, ఏ పాపానికి ఏ శిక్ష అన్నవి వింటుంటే, నాన్న లాంటి మనిషిని గురించి ఇవన్నీ ఎందుకు వినాలనిపించింది. పదో రోజు పిండం పెడుతుంటే ఇది ఆయనకు చేరుతుందా అన్న ప్రశ్న మొదలై ఇక వదల్లేదు. ఎవరిని అడగను? పురోహితుణ్ణి అడిగితే చేరుతుందమ్మా అంటారు. అది ఆయన వృత్తి ధర్మం. అమ్మను అడిగితే ఆమెకున్న ఒక్క ఊతాన్నీ లాగేసినట్టవుతుంది. చుట్టాలను అడిగితే చదువు ఎక్కువై చెడిపోయిందంటారు.

రాయగడ తిరిగి వచ్చాక మొదటి రాత్రే ఆ ప్రశ్న కంచం ముందు పెట్టాను. అప్పుడు తెలిసింది నాకు, మన నమ్మకం పంచుకునే మనుషులతో చెప్పలేని సందేహం, పంచుకోని మనుషులతో చెప్పగలమని. మన వాళ్ళకు మనల్ని కాపాడుకోవాలన్న భయం ఉంటుంది. మనం జారితే తామూ జారతామన్న భయం కూడా. అపాకు నా పిండం నిలబడ్డా పడిపోయినా ఒకటే, కానీ నేను నిలబడటం కావాలి.

చెల్లి తన నానమ్మ సంగతి మళ్ళీ ఎత్తింది. ఈసారి ఎక్కువగా అడిగింది లెక్చరరు. కురన్ గొంతు మారుతుందా? పోయినవాళ్ళు మొదట ఏం అడుగుతారు? ఎన్నేళ్ళు వస్తూ ఉంటారు? కోపం తగ్గిందని ఎలా తెలుస్తుంది? ఆమె ప్రశ్నల్లో ఎకసెక్కం లేదు. అడిగి అడిగి ఒక్కసారిగా ఊరుకుంది. తన తమ్ముడు ఇంటర్మీడియట్ ఫలితాల రోజున ఉరి వేసుకున్నాడని అప్పుడు చెప్పింది. అన్నాళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, ఆమెకు తమ్ముడు ఉండేవాడనే మాకు తెలియదు. "నాకు ఆత్మ మీద నమ్మకం లేదు. వాడు లేడు, అంతే. కానీ నన్నెందుకు అడగలేదురా అని వాణ్ణి నిలదీయాలని ఉంది. మీ ఊళ్ళో దానికి ఒక పద్ధతి ఉందని ఇప్పుడే తెలిసింది." అలా అని చెయ్యి కడుక్కోవడానికి లేచి, కడుక్కోకుండానే మళ్ళీ కూర్చుంది.

ఆ రాత్రి నలుగురిలో ఎవరి నమ్మకమూ మారలేదు. చెల్లి ప్రార్థన చేసుకుంది, అపా పొద్దున్నే మేడ మీద తూర్పుకు తిరిగి సాగిలపడ్డారు, లెక్చరరు మామూలుగానే ఏమీ చేయలేదు. నేను సత్సంగం అన్నది దీన్నే.

అమ్మ భయం, మరికొన్ని ప్రశ్నలు

ఇంత చెప్పాక ఎదురు ప్రశ్నలు లేకుండా పోవు. వాటిలో మొదటిది మా అమ్మది. "ఎవరితోనైనా వండుకు తిను, ఎవరికైనా సాయం చెయ్యి, దేవుడి మాట మాత్రం ఎత్తకు" అనేది ఫోన్ చేసిన ప్రతిసారీ. అమ్మది పిరికితనం అననివ్వను. 2008లో క్రైస్తవుల మీద దాడులతో కంధమాల్ జిల్లా తగలబడుతున్నప్పుడు మా జిల్లాల్లోనూ జనం తలుపులు బిగించుకుని కూర్చున్నారు. మతం మార్పిడి మీద చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం కూడా ఒడిశానే, 1967లో. ఇలాంటి చోట ఒక నర్సు తన రోగి పక్కన కూర్చుని యేసు పేరు ఎత్తితే దాన్ని ఎవరు ఎలా అర్థం చేసుకుంటారో చెప్పలేం. చెల్లి ఆసుపత్రిలో మెడలో గొలుసును జాకెట్టు లోపలికి తోసుకుంటుంది. కనుక ఎక్కడపడితే అక్కడ మనసు విప్పండని నేను అనడం లేదు. బయట అంత జాగ్రత్తగా ఉండాల్సి వస్తోంది కాబట్టే, తలుపు మూసుకున్నాక ఒక ఇల్లయినా నోరు విప్పగలిగేదిగా ఉండాలంటున్నాను. లోపల కూడా అదే నియమం పెట్టుకుంటే ఆ మాటలు ఇంకెక్కడా పుట్టవు.

రెండోది చెల్లే అడిగింది, కోపంగా. నానమ్మ సంగతి, మేనమామ సంగతి నేను మరీ తవ్వి తవ్వి అడుగుతున్న రోజులు అవి. వాళ్ళ మేనమామ చర్చిలోనూ లేడు, పాత పద్ధతిలోనూ లేడు. 1936లో మంగేయి గొమాంగో సవర భాషకు సొరాంగ్ సొంపెంగ్ లిపి కనిపెట్టాక, ఆ అక్షరాలనే అక్షర బ్రహ్మగా కొలిచే సమాజం ఒకటి ఏర్పడింది. ఆయన అందులో ఉన్నాడు. ఇరవై నాలుగు అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో దేవత. నానమ్మకు పోయినవాళ్ళు, అమ్మకు యేసు, మామకు అక్షరాలు, ఒకే ఇంట్లో. నాకు అబ్బురంగా ఉండి నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. చెల్లి ఆ పుస్తకం చూసింది. "నన్ను పరీక్షకు చదువుతున్నావా అక్కా?" అంది. ఆ రోజు నాతో అన్నం తినలేదు.

తప్పు నాదే. మా పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర తెలిసిన మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారని చిన్నప్పుడు బడిలో గర్వంగా చెప్పుకునేవాళ్ళం. నేనూ అదే చేస్తున్నాననుకున్నాను. అయితే పంతులుగారు నేర్చుకున్నది ఆ పిల్లల కోసం బళ్ళు పెట్టడానికి, వాళ్ళ భాషలో వాచకాలు రాయడానికి. నేను రాసుకున్నది నా ముచ్చట కోసం. ఒకరి నుంచే వింటూ మనది చెప్పకపోతే అది సంభాషణ కాదు, ఆరా. ఆ నోట్‌బుక్కు చెల్లికే ఇచ్చేశాను. వాళ్ళ మామ ఊరి నుంచి వచ్చినప్పుడు అందులో మిగిలిన కాగితాల మీద తన పేరు, నా పేరు ఆ లిపిలో రాసి చూపించాడట. ఇప్పుడు చెల్లి ఆ అక్షరాలు నేర్చుకుంటోంది.

మూడోది మా దుకాణంలో పనిచేసే ఒక పెద్దాయన మాట. "అమ్మా, ఇది అద్దె ఇంటి స్నేహం. రేపు బదిలీలైతే ఎవరి దారి వాళ్ళది. మతం అంటే పుట్టుకకూ పెళ్ళికీ చావుకూ వచ్చి నిలబడే నాలుగు కుటుంబాలు. మీ నలుగురూ ఆ పని చేయగలరా?" దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఊళ్ళో ఉండి మతం మార్చుకున్నవాళ్ళు ఎదుర్కొనే శ్మశానం తగాదా, పొలం వాటా తగాదా మా ఇంట్లో ఎవరికీ లేవు. నెల జీతాలున్న ఆడవాళ్ళం, ఇష్టం లేకపోతే సామాను సర్దుకుని వెళ్ళిపోగలం. ఆ వెసులుబాటు వల్లే మేం ధైర్యంగా మాట్లాడుకోగలిగామేమో. లెక్చరరుకు వచ్చే జూన్‌లో విజయనగరం వెళ్ళే అవకాశం ఉంది. ఆమె వెళ్ళిపోతే ఆ కుర్చీలోకి ఎవరు వస్తారో, ఆ వచ్చే మనిషి ముందు మేం ఇలాగే మాట్లాడగలమో లేదో తెలియదు.

కానీ ఆ పెద్దాయన అడిగిన పనుల్లో ఒకటి మాత్రం జరిగింది.

పోయిన చలికాలంలో నాన్న సంవత్సరికానికి ముగ్గురూ నాతో పర్లాకిమిడి వచ్చారు. రమ్మని నేను అడగలేదు. అపా సెలవు చీటీ రాసి నా ముందు పెట్టారు. గుణుపురం దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. తద్దినపు వంట మధ్యాహ్నం మూడు దాటింది. అపా ఒక్కరికీ పొద్దుండగానే పెట్టాలని నేను తొందరపడుతుంటే, "ఆవిడకు ముందు విస్తరి వెయ్యి, బ్రాహ్మణ భోజనాలయ్యాయి కదా" అని అమ్మే అంది. లెక్చరరు అరిటాకులు తుడిచింది. చెల్లి పెరట్లో బిందెలు నింపింది.

రాత్రి చుట్టాలందరూ వెళ్ళాక వసారాలో చాప వేసుకుని కూర్చున్నాం. అమ్మ వక్కలు కత్తిరిస్తోంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అడకత్తెర కింద పెట్టి, నాతో ఇన్నాళ్ళూ వద్దన్న మాటను తనే ఎత్తింది.

"అమ్మాయీ, మీవాళ్ళలో పోయినవాళ్ళతో మాట్లాడతారటగా?"

చెల్లి నావైపు చూసింది. చెప్పానని తలూపాను.

"మాట్లాడేవాళ్ళమ్మా. మా నానమ్మ వాళ్ళ కాలంలో. నాకు రాదు. మేం మానేశాం."

"పోనీలే." అమ్మ వక్కముక్కలు ఒకచోటికి చేర్చింది. "వాళ్ళు వచ్చినప్పుడు ముందుగా ఏమని పలకరించేవారు? కోపంగానా, మామూలుగానా?"

చెల్లి చాప మీద ఇంకొంచెం దగ్గరగా జరిగింది.